నానో ఎపాక్సీ ఇన్సులేషన్‌ను తేమ ఎంత దెబ్బతీస్తుందో కొలవడం

ఎపాక్సీ రెసిన్‌లో నానో సిలికా (అతి సూక్ష్మమైన సిలికా పొడి) కలిపితే ఇన్సులేషన్ మెరుగవుతుందన్న ఆశ చాలాసార్లు తేమ దగ్గరే బెడిసికొడుతుంది. సిలికా రేణువుల పైనుండే సైలనాల్ గుంపులు (సిలికాన్‌కు అంటుకున్న OH గుంపులు) నీటిని ఇట్టే పట్టుకుంటాయి. రేణువు చిన్నదయ్యేకొద్దీ అంతే బరువు పొడికి ఉపరితలం బాగా పెరుగుతుంది, నీరు చేరే చోటూ పెరుగుతుంది. రేణువుల చుట్టూ చేరిన నీటి పొరలు ఒకదాన్నొకటి అందుకున్నాయంటే చార్జికి దారి దొరికినట్టే. పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రంలో పదార్థం ఎంత చార్జి నిల్వచేయగలదో చెప్పే అంకె) ఎపాక్సీకి 4 దరిదాపుల్లో ఉంటే, నీటికి 80.

అందుకే జాగ్రత్త పొడి దగ్గరే మొదలవ్వాలి. సిలికాను పల్చగా పరిచి వాక్యూమ్ ఓవెన్‌లో 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా ఆరబెట్టండి. చల్లార్చడం డెసికేటర్‌లోనే (తేమ పీల్చే పదార్థం ఉంచిన మూత పాత్ర), బయట పెడితే మళ్లీ తేమ పీల్చేస్తుంది. అన్‌హైడ్రైడ్ హార్డెనర్ (ఎపాక్సీని గట్టిపరిచే ఒక రకం రసాయనం) వాడుతుంటే ఇది మరీ ముఖ్యం. తేమ తగిలితే అది ఆమ్లంగా మారి పాళ్లు తప్పుతాయి. ఆ తర్వాత మీరు కొలిచేది సరిగా గట్టిపడని ఎపాక్సీనే.

సిలికా ఉన్నవీ లేనివీ 1 మి.మీ. మందం పలకలు పోయండి. మందం రెట్టింపైతే తేమ నిండడానికి నాలుగింతల సమయం పడుతుంది. పలకల్ని 50 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టి, 0.1 మిల్లీగ్రాము తేడా చూపే త్రాసులో తూచండి. ఆపైన వాటిని మూతబిగించిన డబ్బాల్లో సంతృప్త లవణ ద్రావణానికి పైన, తగలకుండా అమర్చాలి. 25 డిగ్రీల దగ్గర మెగ్నీషియం క్లోరైడ్ 33, మామూలు ఉప్పు 75, పొటాషియం సల్ఫేట్ 97 శాతం సాపేక్ష ఆర్ద్రత ఇస్తాయి. అడుగున కరగని ఉప్పు ఎప్పుడూ కనబడుతుండాలి. బరువు నిలకడయ్యేదాకా ఆగండి, వారాలు పట్టినా సరే.

నిరోధకతకు గార్డ్ రింగ్ (కొలిచే ఎలక్ట్రోడ్ చుట్టూ ఉండే వలయం) ఉన్న మూడు ఎలక్ట్రోడ్ల అమరికే వాడండి. గార్డ్ లేకుంటే ఉపరితలం మీది లీకేజీ కూడా లెక్కలో కలిసిపోతుంది. 500 వోల్టుల డీసీ పెట్టి, ప్రతిసారీ 60వ సెకనులోనే రీడింగ్ తీయండి. పలక బయటికొచ్చిన క్షణం నుంచీ ఆరుతూనే ఉంటుంది కాబట్టి కొలతకు ముందూ వెనకా తూచాలి. టాన్ డెల్టాను (ఇన్సులేషన్‌లో వృథా అయ్యే శక్తిని చెప్పే అంకె) 1 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రమే చూసి వదిలేస్తే మోసపోతారు, 0.01 హెర్ట్జ్ దాకా దిగితేనే తేమ పని బయటపడుతుంది.

చివరగా అదే పలకను మళ్లీ ఆరబెట్టి కొలవండి. తేమ ఎక్కకముందు విలువకు తిరిగొస్తే తేడాకు కారణం నీరే. బరువు మొదటికొచ్చినా విలువ రాకపోతే, రేణువుకూ రెసిన్‌కూ మధ్య పట్టు ఊడిందేమో అనుమానించి, ఎపాక్సీ గుంపున్న సైలేన్‌తో (సిలికానూ రెసిన్‌నూ కలిపిపట్టే రసాయనం) పూతపెట్టిన సిలికాతో ఇంకో బ్యాచ్ పోసి పోల్చండి.