రంగు పిల్లలకు ముందే కనిపిస్తుంది, దానికి అర్థం పెద్దవాళ్లు చెబుతారు

అప్పుడే పుట్టిన బిడ్డ ఏ జాతి ముఖాన్నైనా ఒకేలా చూస్తుంది. మూడు నెలలు వచ్చేసరికి రోజూ చూసే ముఖాల్లాంటి వాటివైపే ఎక్కువసేపు చూపు నిలుపుతుందని 2005లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. ఇది ద్వేషం కాదు, కళ్లకు అలవాటు. ఆ తేడాకు భయమో చులకనో గొప్పో తగిలించేది తర్వాత మనమే. అందుకే రంగు గురించి ‘పెద్దయ్యాక చెబుదాంలే’ అంటే కుదరదు. పిల్లలు ఈ తేడాలను ఏ వయసులో గమనిస్తారో పెద్దలు సగటున నాలుగేళ్లకు పైగా ఆలస్యంగా అంచనా వేస్తారని 2020లో అమెరికాలో జరిగిన అధ్యయనంలో తేలింది.

నలుగురిలో గట్టిగా అడిగినప్పుడు

బస్సులో పిల్లాడు వేలు చూపించి “ఆమె ఎందుకంత నల్లగా ఉంది?” అంటాడు. చాలామంది చేసే పని, చెయ్యి గిల్లి “ష్, అలా అనకూడదు” అనడం. వాడికి అందేది మర్యాద పాఠం కాదు. నల్లగా ఉండటం నోటితో చెప్పకూడనంత చెడ్డ సంగతని అర్థమవుతుంది. మళ్లీ మిమ్మల్ని అడగడు, ఇంకెవరినో అడుగుతాడు.

ముందు మీ గొంతు తగ్గించకండి, మామూలు గొంతుతోనే మాట్లాడండి. జవాబు ఒకటి రెండు వాక్యాల్లో ముగించండి: “అందరి చర్మంలోనూ మెలనిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. ఆమెకు ఎక్కువ, నీకు కాస్త తక్కువ.” ఆమె విన్నట్టు అనిపిస్తే ఆమెవైపు చూసి చిన్నగా నవ్వండి. వేలు చూపించినందుకు క్షమాపణ చెప్పవచ్చు. రంగు ప్రస్తావన వచ్చినందుకు మాత్రం చెప్పకండి, అది జాలిలా తగులుతుంది. “మురికిగా ఉంది కదా” అని పిల్లాడు అంటే అక్కడికక్కడే సరిచేయాలి: “మురికి కడిగితే పోతుంది. ఇది ఆమె రంగు.” ఇంటికొచ్చాక “ఆమెను చూస్తే నీకేమనిపించింది?” అని అడిగి, పూర్తిగా వినండి. వెంటనే ఉపన్యాసం మొదలుపెడితే ఆ నోరు మూతపడుతుంది. ‘మనుషులంతా ఒక్కటే’ అన్న మాట కూడా ఇక్కడ పనిచేయదు. కళ్లెదుట తేడా కనిపిస్తుంటే, లేదంటున్న మీ మాట వాడికి అబద్ధంలా తోస్తుంది.

నోటికన్నా ఒళ్లు ఎక్కువ చెబుతుంది

2017లో ఒక ప్రయోగంలో నాలుగైదేళ్ల పిల్లలకు వీడియోలు చూపించారు. అందులో ఒక వ్యక్తితో అందరూ నవ్వుతూ, ముందుకు వంగి మాట్లాడారు. మరో వ్యక్తితో ముఖం ముడుచుకుని, వెనక్కి జరిగి మాట్లాడారు. మాటలు రెండుచోట్లా ఒకటే. అయినా ఎక్కువమంది పిల్లలు మొదటి వ్యక్తినే ఇష్టపడ్డారు.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు ఒక వారం పాటు ఒకరినొకరు గమనించుకోండి. వేరే రంగు మనిషి పక్కకు వస్తే సంచి దగ్గరికి లాక్కుంటున్నారా? గొంతు పొడిబారుతోందా? ఎవరిని ‘మీరు’ అంటున్నారు, ఎవరిని చూడగానే ‘నువ్వు’ అనేస్తున్నారు? తెలుగింట్లో పిల్లలకు మనుషుల స్థాయి తెలిసేది ఈ చివరిదాంతోనే. దిద్దుకోవడానికి సులువైనదీ ఇదే: ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లెవరైనా ‘మీరు’ అనండి, అంతే.

‘వాళ్లు’ అనే మాట

“వాళ్లు ఇంతే”, “వాళ్లు శుభ్రంగా ఉండరు” అనకూడదని అందరికీ తెలుసు. “వాళ్లు భలే పరుగెత్తుతారు” అన్న మెచ్చుకోలు కూడా అదే పని చేస్తుంది. లేని జాతినొకదాన్ని కల్పించి, దాని గురించి ‘ఈ జాతివాళ్లు ఇలా చేస్తారు’ అనే వాక్యాలతో బొమ్మల పుస్తకం చదివించినప్పుడు, ఆ గుణాలు పుట్టుకతోనే వస్తాయని పిల్లలూ పెద్దలూ నమ్మడం 2012 పరిశోధనలో కనిపించింది. మందు చిన్నదే. గుంపు తీసేసి మనిషిని పెట్టండి: “ఆ అమ్మాయి రోజూ సాధన చేస్తుంది, అందుకే అంత వేగం.”

నాలుగు రంగులతో ఒక మధ్యాహ్నం

‘చర్మం రంగు’ అని ఒక్క లేత రంగునే ఇచ్చే పెన్సిల్ పెట్టె కూడా పాఠమే చెబుతుంది. క్రేయాన్లు తయారుచేసే అమెరికా కంపెనీ క్రేయోలా ‘ఫ్లెష్’ (ఒంటి రంగు) అనే తన రంగు పేరును 1962లో ‘పీచ్’ (ఒక పండు పేరు)గా మార్చింది. ఇంట్లో పసుపు, ఎరుపు, నీలం, తెలుపు పెయింట్లు పెట్టుకోండి. పసుపు, ఎరుపు సమంగా కలిపితే నారింజ వస్తుంది. అందులో నీలం చుక్కచుక్కగా వేస్తే గోధుమ రంగు అవుతుంది. నీలం ఒక్కసారిగా పోస్తే బూడిద రంగుకో పచ్చకో తిరిగి పాడవుతుంది. ఆ గోధుమ రంగుకు తెలుపు కొద్దికొద్దిగా చేరుస్తూ, ఒక్కొక్కరి ముంజేతి లోపలి భాగం పక్కన పెట్టి సరిచూడండి. అందరి రంగూ ఆ నాలుగింటి నుంచే వచ్చిందని పిల్లలు చేత్తో తెలుసుకుంటారు. ‘అందమైన రంగు’ అని ఏ ఒక్కదాన్నో మాత్రం పొగడకండి.

స్నేహాలు, చుట్టాలు

ఊరికే ఒకచోట కూర్చోబెడితే స్నేహం పుట్టదు. సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, కలిసి చేసే పని, పెద్దల మద్దతు ఉండాలని మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు. ముగ్గురు నలుగురు పిల్లలకు, ఎవరు లేకపోయినా పూర్తికాని ఒక పని ఇవ్వండి. ‘మనం, వాళ్లు’ అని జట్లు కట్టి పోటీ పెడితే బెడిసికొడుతుంది.

“ఎండలో తిరిగితే నల్లబడతావే” అని నానమ్మ అంటే, ఆమెను కించపరచకుండా, పిల్ల ఎదుటే అనండి: “నల్లబడితే ఏమైందత్తయ్యా, ఆడుకోనివ్వండి.” చాటుగా చెబితే పెద్దావిడకు చేరుతుంది, పిల్లకు చేరదు.

మీ బిడ్డనే ఎవరైనా రంగు పేరుతో ఏడిపిస్తే “పట్టించుకోకు” అనకండి. ఏమన్నారో ఆ మాటలే అడిగి, తేదీతో రాసుకుని, బడికి రాతపూర్వకంగా ఇవ్వండి. “తప్పు అన్నవాళ్లది” అని బిడ్డకు స్పష్టంగా చెప్పండి. అన్నది మీ బిడ్డే అయితే కొట్టకండి, ఎక్కడ విన్నదో అడగండి. జవాబు మీ ఇల్లే కావచ్చు. మర్నాడు వెంటబెట్టుకుని వెళ్లి, అన్న మాట ఏమిటో, అది ఎందుకు తప్పో అవతలి బిడ్డకు తన నోటితోనే చెప్పించండి. ‘సారీ’ అని ముక్తసరిగా అనిపించి ఊరుకోకండి.