స్ట్రట్ మీద లోడ్ ఎంతో స్ట్రెయిన్ గేజ్‌తో తేల్చడం

లోతు తవ్వకంలో గోడలు లోపలికి ఒరగకుండా అడ్డంగా బిగించే ఉక్కు స్ట్రట్లకు ఎక్కువగా వైబ్రేటింగ్ వైర్ స్ట్రెయిన్ గేజ్‌లు (లోపల బిగించిన తీగ కంపనాన్ని బట్టి ఉక్కు సాగుడు, కుదింపు కొలిచేవి) పెడతారు. గేజ్ చెప్పేది ఉక్కు ఎంత కుదించుకుందో మాత్రమే. లోడ్‌ని దాన్నుంచి మనమే లెక్కగట్టాలి. అందుకే సున్నా రీడింగ్ (లోడ్ పడకముందు తీసేది) తప్పితే తర్వాతి అంకెలన్నీ తప్పుతాయి.

గొట్టం స్ట్రట్‌కైతే ఒకే చోట చుట్టూ 90 డిగ్రీలకొకటి చొప్పున నాలుగు గేజ్‌లు, హెచ్ ఆకారపు సెక్షన్‌కైతే ఫ్లాంజ్ (ఎదురెదురుగా ఉండే రెండు పలకలు) అంచుల దగ్గర నాలుగు పెట్టండి. చివర్ల నుంచి, అతుకుల నుంచి సెక్షన్ ఎత్తుకు కనీసం మూడు నుంచి ఐదు రెట్లు దూరం ఉండాలి. ఒక్క గేజ్‌తో సరిపెట్టుకోవద్దు: సొంత బరువుకే స్ట్రట్ వంగి పైన కుదింపు, కింద సాగుడు చూపిస్తుంది. ఎదురెదురు గేజ్‌ల సగటు తీస్తేనే వంపు పోయి అసలు లోడ్ మిగులుతుంది.

గేజ్‌ను పట్టుకునే బిగింపు దిమ్మెలను డమ్మీ కడ్డీతో (గేజ్ బదులు తాత్కాలికంగా పెట్టేది) అమర్చి వెల్డింగ్ చేసి, చల్లారాకే గేజ్ ఎక్కించండి. పైన ఉక్కు మూత తప్పనిసరి. తవ్వే యంత్రం బకెట్ తగిలి పోయే గేజ్‌లే ఎక్కువ.

స్ట్రట్ ఇంకా నేలమీద దిమ్మెలపై ఉండగానే, తెల్లవారుజామున, రీడింగ్ నిలకడగా వచ్చేదాకా రెండుమూడు సార్లు చూసి సున్నా రాసుకోండి. పక్కనే ఉష్ణోగ్రత కూడా. ప్రీలోడ్ (స్ట్రట్ బిగించేటప్పుడు జాక్‌తో ముందే ఇచ్చే లోడ్) ఎక్కిస్తూ ప్రతి మెట్టులో జాక్ లోడ్‌తో పోల్చండి. తేడా పెద్దదైతే జాక్ రాపిడినీ, ప్రెషర్ గేజ్ క్యాలిబ్రేషన్‌నూ ముందు అనుమానించండి. జాక్ వదిలాక కొంత లోడ్ తగ్గడం మామూలే. ఆ అంకె కూడా రాయండి.

లెక్క: సగటు స్ట్రెయిన్ (పొడవులో వచ్చిన మార్పు నిష్పత్తి) × 200 గిగాపాస్కల్ (ఉక్కు స్థితిస్థాపక గుణకం) × అడ్డుకోత వైశాల్యం. 610 మి.మీ. వ్యాసం, 12.7 మి.మీ. మందం ఉన్న గొట్టం వైశాల్యం సుమారు 23,800 చ.మి.మీ. 100 మైక్రోస్ట్రెయిన్ (ఒక్కోటి పొడవులో పది లక్షల్లో ఒక వంతు మార్పు) అంటే దాదాపు 476 కిలోన్యూటన్లు.

ఎక్కువ మంది బోల్తా పడేది ఎండ దగ్గర. ఉక్కు ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 12 మైక్రోస్ట్రెయిన్ వ్యాకోచిస్తుంది. గేజ్‌లోని తీగా దాదాపు అంతే. అందుకని స్ట్రట్ స్వేచ్ఛగా పెరిగితే రీడింగ్ కదలదు. గోడలు ఆపితేనే కదులుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగి, వ్యాకోచాన్ని గోడలు పూర్తిగా ఆపితే పై గొట్టంలో 570 కిలోన్యూటన్లు అదనం. అది నిజమైన లోడే. దిద్దుబాటు పేరుతో 12 × ఉష్ణోగ్రత తేడాను తీసేస్తే లోడ్‌నే తుడిచేసినట్టు. రోజూ తెల్లవారుజామున ఒక రీడింగ్, మధ్యాహ్నం వేడి ముదిరాక ఒకటి తీయండి. తవ్వకం ప్రతి దశకు ముందూ తర్వాతా, పక్క స్ట్రట్ తీసేటప్పుడూ తీయాలి.

ఒక గేజ్ చస్తే దాని ఎదుటిదాన్నీ పక్కనబెట్టి మిగిలిన జత సగటు వాడండి. రీడింగ్ హఠాత్తుగా ఎగిరితే పొరుగు స్ట్రట్లూ ఇంక్లినోమీటరూ (గోడ ఒరుగుదల కొలిచేది) చూడండి. అవీ కదిలితే గేజ్ కేబుల్ చెడిందేమో చూడటం తర్వాత, తవ్వకం ముందు ఆపాలి.

నడిమి గేజ్‌కు చివరి అతుకు బలం కనబడదు. సింగపూర్ నికోల్ హైవే దగ్గర 2004 ఏప్రిల్ 20న తవ్వకం కూలి నలుగురు చనిపోయినప్పుడు వైఫల్యం స్ట్రట్-వేలర్ (గోడ వెంట అడ్డంగా ఉండి స్ట్రట్ ఆనే దూలం) అతుకుల్లో మొదలైంది. రీడింగుకు దిగిన ప్రతిసారీ వేలర్ వెబ్ (ఫ్లాంజ్‌లను కలిపే నడిమి పలక) వంగిందేమో, దానికి బలంగా వేసిన స్టిఫ్నర్ ప్లేట్ ఒరిగిందేమో కంటితో చూసి రాసుకోండి.