హవాయిలోని పూనాలో ఇల్లు చూస్తున్నారా? ముందు గడ్డపార పట్టుకెళ్లండి

హిలోలో ఆసుపత్రి ఉద్యోగానికో, యూనివర్సిటీలో రీసెర్చ్‌కో, మౌనా కేయా టెలిస్కోపుల పనికో హవాయి పెద్ద దీవికి వచ్చారనుకోండి. ఇల్లు వెతకడం మొదలుపెట్టగానే ఎవరో ఒకరు హిలో పక్కనున్న పూనా జిల్లా వైపు చూడమంటారు. హవాయియన్ పారడైజ్ పార్క్, ఆర్కిడ్‌ల్యాండ్, పాహోవా, ఇంకా పైకి వెళ్తే వోల్కనో ఊరు. హిలో కంటే ధరలు తక్కువ, ఎకరం స్థలం, ఎటు చూసినా పచ్చదనం. ఇంత వాన, ఇంత పచ్చదనం, కింద నేల కూడా నల్లగా ఉంది, గోంగూర నుంచి అరటి దాకా అన్నీ పెరట్లోనే పండించుకోవచ్చు అనిపిస్తుంది. పండించుకోవచ్చు, నిజమే. కానీ మన ఊళ్లో చేసినట్టు తవ్వి, దున్ని కాదు. ఇక్కడ నేలను కిందికి తవ్వరు, పైకి పేర్చుకుంటారు. ఈ ఒక్కటి మొదటి రోజే మనసులో పెట్టుకుంటే బోలెడు డబ్బు మిగులుతుంది, నడుంనొప్పి తప్పుతుంది.

ఎందుకంటే పూనాలో చాలా భాగం కిలావేయా అగ్నిపర్వతం ఒంటి మీదే ఉంది, ఆ ఒంటి మీద 90 శాతం దాకా సుమారు వెయ్యేళ్ల కంటే పాతబడని లావాయే. తెలంగాణలో ఆదిలాబాద్, వికారాబాద్ వైపు నల్లరేగడి కూడా లావా రాయి అరిగి పుట్టిందే, రాయి జాతి ఒకటే, బసాల్ట్. కానీ దక్కన్ లావా పారింది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట. పూనాలో ఆ వయసు వందల్లో ఉంటుంది, కొన్నిచోట్ల పదుల్లో. రాయి మట్టి కావడానికి ఇంకా టైమే దొరకలేదు. దిగువ పూనాలో మీరు మట్టి అనుకునేది చాలా చోట్ల రాలిన ఆకులు, వేర్లు కుళ్లి ఏర్పడిన రెండు నుంచి పది అంగుళాల నల్లటి పొర, అంతే. వోల్కనో ఊరి వైపు ఎక్కేకొద్దీ అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిసిపడిన బూడిద తోడవుతుంది. 1790 నాటి పేలుడు బూడిద అక్కడ ఇప్పటికీ చూడొచ్చు. ఆ బూడిద నేల కూడా చాలా చోట్ల జానెడో మూరెడో, దాని కింద చెక్కుచెదరని లావా పలక.

అందుకే స్థలం చూడ్డానికి వెళ్లేటప్పుడు గడ్డపార తీసుకెళ్లండి (ఇక్కడ హార్డ్‌వేర్ షాపుల్లో ఓ-ఓ బార్ అని అడగండి). ఓనర్ అనుమతి తీసుకుని పది చోట్ల దించి చూడండి. నాలుగంగుళాలకే ఖంగుమని మోగి చేతులు జిల్లుమంటే కింద ఉన్నది పహోయిహోయి, అంటే నున్నగా పలకలా గడ్డకట్టిన లావా. వేర్లకు అందులో దారి పగుళ్లలోనే. గడ్డపార గరగరమంటూ రాళ్ల మధ్య కాస్త కాస్త దిగుతుంటే అది ఆ-ఆ, గరుకు రాళ్ల గుట్టలా పారిన లావా. చూడ్డానికి ఆ-ఆ భయంకరంగా ఉంటుంది గానీ చెట్లకు అదే నయం, రాళ్ల సందుల్లోంచి వేరు లోతుకు పోతుంది. కపోహో వైపు బొప్పాయి తోటలు అలాంటి రాళ్లలోనే పెరిగాయి. నన్నడిగితే ఒకే ధరకు రెండు స్థలాలుంటే, తోట మీద ఆశ ఉన్నవాళ్లు ఆ-ఆ ఉన్నదే తీసుకోవాలి. వెళ్లే ముందు ఇంట్లో కూర్చునే అమెరికా వ్యవసాయ శాఖ వారి వెబ్ సాయిల్ సర్వేలో అడ్రస్ కొట్టండి, ఆ చుట్టుపక్కల నేల రకం, లోతు ఉచితంగా చూపిస్తుంది.

ఇక నీళ్ల సంగతి. హిలోలో ఏడాదికి మూడు మీటర్ల పైనే వాన పడుతుంది. అయినా పల్చటి నేల మీద అరటి మొక్క నాలుగు రోజులు ఎండ కాస్తే వాడిపోతుంది. పడిన నీళ్లు పడినట్టే పగుళ్లలోంచి కిందికి పోతాయి, వాటితో పాటు మీరు వేసిన నత్రజని, పొటాష్ కూడా. కాబట్టి ఎరువు ఒకేసారి గుప్పించొద్దు, చిటికెడు చిటికెడు తరచుగా వెయ్యండి. భాస్వరం కథ వేరు, అది కొట్టుకుపోదు, బూడిద మట్టే దాన్ని పట్టేసి మొక్కకు వదలదు. స్థలమంతా చల్లితే దండగ, కంపోస్టులో కలిపి వేరు దగ్గరే పెట్టాలి. ఆకులు ఊదారంగుకు తిరిగి మొక్క గిడసబారితే ముందు భాస్వరాన్నే అనుమానించండి. సందేహం ఉంటే హవాయి యూనివర్సిటీ వ్యవసాయ విభాగం వాళ్ల ద్వారా మట్టి పరీక్ష చేయించుకోవచ్చు, మొహమాటపడకుండా వెళ్లండి.

బాగా వానపడే చోట బూడిద మట్టి దొరికితే తడిది కాస్త వేళ్ల మధ్య పెట్టి గట్టిగా నలపండి. ముందు గట్టిగా ఆగి, ఉన్నట్టుండి జారిపోయి వేళ్లకు నీళ్లు అంటుతాయి. అంత నీటిని లోపల పట్టుకుంటుంది. అదే మట్టిని ఎండలో పూర్తిగా ఎండనిస్తే చిన్న చిన్న గులకల్లా తయారవుతుంది, తర్వాత ఎంత తడిపినా మళ్లీ మునుపటి మెత్తదనం రాదు. కాబట్టి నేలను ఎప్పుడూ బోడిగా వదలొద్దు, ఆకో గడ్డో కప్పి ఉంచండి.

బుల్డోజర్ గురించి గట్టిగానే చెప్తాను. స్థలం కొనగానే మొత్తం చదును చేయిస్తామని తొందరపడొద్దు. ఆ పల్చటి పొర ఏర్పడడానికి వందల ఏళ్లు పట్టింది, బుల్డోజర్‌కు ఒక్క పూట చాలు, మీకు మిగిలేది నలిగిన రాళ్లు. ఇంటికి, దారికి కావలసినంతే తీయించండి. ఓహియా అనే ఇక్కడి అడవి చెట్లను కొట్టకుండా వదిలేయండి, కొత్త లావా మీద మొదట నిలదొక్కుకునే చెట్లలో అదొకటి. బెరడుకు గాయమైనా చాలు, శిలీంధ్రం చేరి చెట్టు చచ్చిపోయే తెగులు ఈ దీవిలో పాకింది. ఓహియా కట్టెలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లకండి.

పేర్చడం ఎలా అంటే, కింద సిండర్ రాయి (అగ్నిపర్వతం చిమ్మిన, రంధ్రాలున్న తేలికపాటి రాళ్లు), పైన కంపోస్టు, కొన్న మట్టి కలిపి మడులు కట్టుకోండి. తోటకూర, గోంగూరకు పది అంగుళాలు సరిపోతుంది. అల్లం, పసుపు, చామ ఇక్కడి వానకు హాయిగా వస్తాయి. టమాటా మాత్రం పైకప్పు లేకుండా కష్టం. మునగాకు ఇక్కడున్న ఫిలిప్పీన్స్ వాళ్ల పుణ్యమా అని మార్కెట్లోనే దొరుకుతుంది. కరివేపాకు మొక్క ఇక్కడే కొనుక్కోండి, బయటి నుంచి తేవద్దు, కరివేపాకూ నిమ్మజాతిదే, ఆ జాతి మొక్కల మీద ఆంక్షలున్నాయి, మట్టినైతే దీవిలోకి రానివ్వరు.

మట్టి, కంపోస్టు, కుండీలు ఏవి ఇంటికి తెచ్చినా ముందు లిటిల్ ఫైర్ యాంట్స్ (మంటపుట్టేలా కుట్టే బుల్లి చీమలు) ఉన్నాయేమో చూడండి. చాప్‌స్టిక్‌కు పల్చగా పీనట్ బటర్ రాసి గంటసేపు అక్కడ పెడితే, ఉంటే సన్నటి ఎర్రచీమలు పడతాయి. ఒక్కసారి పెరట్లో చేరితే కోతకు చెయ్యి పెట్టలేరు. నత్తలు, స్లగ్‌లతో ఇంకా జాగ్రత్త, ర్యాట్ లంగ్‌వార్మ్ అనే పరాన్నజీవి వాటిలో ఉంటుంది, మన కడుపులోకి పోతే మెదడుకు పాకుతుంది. ఆకుకూరను ఒక్కో ఆకూ నీళ్ల ధార కింద కడగండి, ఉడికించి తినడం ఇంకా మంచిది. పిల్లలను ఉలుహే ఫెర్న్ పొదల్లోకి ఒంటరిగా వదలొద్దు, వాటి కింద లావా పగుళ్లు కనిపించవు.

చివరిగా, అడ్వాన్సు ఇచ్చే ముందు లావా జోన్ నంబర్ అడగండి. 1 నుంచి 9 దాకా ఉంటాయి, 1 అన్నిటికంటే ప్రమాదం. 2018లో పూనాలోనే లెయిలానీ ఎస్టేట్స్, కపోహో చుట్టుపక్కల కలిపి 700కు పైగా ఇళ్లూ కట్టడాలూ లావా కింద పోయాయి. 1, 2 జోన్లలో ఇన్సూరెన్స్ దొరకడం కష్టం, దొరికినా ఖరీదు, దాని వల్ల లోన్ కూడా ఇబ్బందవుతుంది. కొనేవాళ్లయితే ఇన్సూరెన్స్, లోన్ కాగితాలు చేతికొచ్చాకే సంతకం పెట్టండి.