ఫైర్‌వాల్ పోర్టులు: ఏ కేబుల్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తప్పు జరుగుతుంది

ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌లోకి వచ్చిపోయే ట్రాఫిక్‌ని వడకట్టే పెట్టె) ర్యాక్‌లో బిగించగానే చేయి ముందు ఇంటర్నెట్ కేబుల్ మీదకే పోతుంది. దాన్ని పక్కన పెట్టి కన్సోల్‌తో (ల్యాప్‌టాప్‌ని నేరుగా కలిపి ఆదేశాలు టైప్ చేసే పోర్టు) మొదలుపెట్టండి. నెట్‌వర్క్ సెట్టింగు ఏది తప్పినా లోపలికి వెళ్లడానికి మిగిలే దారి అదొక్కటే.

చాలా ఫైర్‌వాల్‌ల మీద కన్సోల్ పోర్టు కూడా ఆర్‌జే45 ఆకారంలోనే ఉంటుంది. చూడటానికి నెట్‌వర్క్ పోర్టే, లోపల నడిచేది మాత్రం సీరియల్ (నెట్‌వర్క్ కాని పాత తరహా లైను). మామూలు ప్యాచ్ కేబుల్‌తో స్విచ్‌కి కలిపితే ఏమీ జరగదు. దానికి కన్సోల్ కేబుల్, ల్యాప్‌టాప్ వైపు యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ కావాలి. కొత్త మోడళ్లలో నేరుగా యూఎస్‌బీ కన్సోల్ కూడా ఉంటోంది. టెర్మినల్ ప్రోగ్రామ్‌లో 9600 బాడ్ (లైను వేగం), 8 డేటా బిట్లు, పారిటీ లేకుండా, 1 స్టాప్ బిట్ పెట్టండి. తెర మీద పిచ్చి గుర్తులు పడితే బాడ్ రేటు తప్పినట్టే, 115200 పెట్టి చూడండి. అక్షరాలు సరిగ్గా కనిపిస్తున్నా మీరు కొట్టింది లోపలికి పోకపోతే టెర్మినల్‌లో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆన్‌లో ఉందేమో చూసి తీసేయండి. ఖాళీ తెర కనిపిస్తే కేబుల్‌ని అనుమానించే ముందు ఒకసారి ఎంటర్ కొట్టండి.

తర్వాత మేనేజ్‌మెంట్ పోర్టు. ఇది ఉన్న మోడళ్లలో సాధారణంగా యూజర్ల ట్రాఫిక్ దీని గుండా పోదు, అడ్మిన్ పనికే కేటాయించి ఉంటుంది. కొన్ని ఫైర్‌వాల్‌లు లైసెన్సు, సిగ్నేచర్ (దాడులను గుర్తుపట్టే ఆనవాళ్లు) అప్‌డేట్లు కూడా ఈ పోర్టు నుంచే తెచ్చుకుంటాయి. అలాంటప్పుడు దీనికి ఐపీ ఇచ్చి గేట్‌వే (బయటికి పంపే రౌటర్ అడ్రస్), డీఎన్ఎస్ (పేర్లను ఐపీలుగా మార్చే సర్వర్) ఇవ్వడం మరిచిపోతే యూజర్లకు ఇంటర్నెట్ హాయిగా వస్తూనే ఉంటుంది, అప్‌డేట్లు మాత్రం రావు. తప్పంతా పాలసీలో (ఏ ట్రాఫిక్‌ని వదలాలో చెప్పే నియమాల్లో) ఉందనుకుని రోజంతా వెతకడం ఇక్కడే మొదలవుతుంది.

పోర్టు మీద వ్యాన్ (ఇంటర్నెట్ వైపు), ల్యాన్ (లోపలి నెట్‌వర్క్), డీఎంజెడ్ (బయటివాళ్లకు తెరిచే సర్వర్ల భాగం) అని రాసి ఉన్నది చాలా మోడళ్లలో ఫ్యాక్టరీ సెట్టింగు మాత్రమే. ఏ పోర్టు ఏ జోన్‌లో ఉండాలో మీరే నిర్ణయించవచ్చు. చిన్న మోడళ్లలో మాత్రం ఒక చిక్కుంది. ల్యాన్ పోర్టులన్నీ లోపల ఒకే స్విచ్‌లా కలిపి వస్తాయి. ‘ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది కదా’ అని వాటిలో రెండింటి నుంచి ఒకే స్విచ్‌కి రెండు కేబుళ్లు వేస్తే లూప్ అవుతుంది, అంటే ట్రాఫిక్ అక్కడే గిరగిరా తిరుగుతుంది. స్పానింగ్ ట్రీ (లూప్‌ను కనిపెట్టి ఒక లింకును మూసే ఏర్పాటు) ఆ లూప్‌ను ఆపకపోతే నెట్‌వర్క్ మొత్తం నిమిషంలో పడిపోతుంది. రెండు లింకులు కావాలంటే ఆ పోర్టులను ముందు లోపలి స్విచ్ నుంచి విడదీసి, ఎల్ఏసీపీతో (రెండు లింకులను ఒకటిగా కలిపే పద్ధతి) కట్టండి. స్విచ్ వైపు కూడా అదే చేయాలి.

కాపర్ (రాగి కేబుల్) లింకులో స్పీడు, డ్యూప్లెక్స్ (పంపడం, అందుకోవడం ఒకేసారి జరిగితే ఫుల్, వంతులవారీగా అయితే హాఫ్) రెండు వైపులా ఆటోలోనే ఉంచండి. ఒక వైపు 100 ఫుల్ అని బిగించి, రెండో వైపు ఆటో వదిలేస్తే, ఆటో వైపు స్పీడు కనిపెడుతుంది కానీ డ్యూప్లెక్స్ తెలియక హాఫ్‌లోకి పడిపోతుంది. లైటు వెలుగుతుంది, పింగ్ కూడా పోతుంది, పెద్ద ఫైలు దించబోతే మాత్రం నత్తనడక. కౌంటర్లు తెరిస్తే ఫుల్ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు (చెడిపోయి వచ్చిన డేటా), హాఫ్ వైపు లేట్ కొలిజన్లు (ఆలస్యంగా ఢీకొన్న డేటా) కనిపిస్తాయి. ఈ జంట కనిపించిందంటే ఇక కేబుల్ మార్చడం దండగ. ఇక గిగాబిట్ కాపర్‌కి ఆటో నెగోషియేషన్ తప్పనిసరి.

ఫైబర్ లాంటి మాడ్యూళ్లు పెట్టే ఎస్‌ఎఫ్‌పీ (1 గిగాబిట్), ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ (10 గిగాబిట్) గూళ్లు చూడటానికి ఒకేలా ఉంటాయి. 10 గిగాబిట్ మాడ్యూల్ 1 గిగాబిట్ గూటిలో పనిచేయదు. 1 గిగాబిట్ మాడ్యూల్‌ని 10 గిగాబిట్ గూటిలో పెడితే చాలాసార్లు పనిచేస్తుంది, కానీ స్పీడు మనమే 1000 అని పెట్టాల్సి రావచ్చు. 10 గిగాబిట్ ఎస్ఆర్ (తక్కువ దూరం) మాడ్యూల్ మల్టీమోడ్ ఫైబర్‌కి: ఓఎం3 రకం మీద 300 మీటర్లు. ఎల్ఆర్ (ఎక్కువ దూరం) సింగిల్ మోడ్ ఫైబర్‌కి: 10 కిలోమీటర్లు. రెండు చివర్లా ఒకే రకం ఉండాలి. ఒకే ర్యాక్‌లో అయితే డీఏసీ కేబుల్ (రెండు చివర్లా మాడ్యూల్ కలిసే వచ్చే రాగి కేబుల్) చవక, చల్లగా కూడా ఉంటుంది. కాకపోతే కొన్ని ఫైర్‌వాల్‌లు వేరే కంపెనీ మాడ్యూళ్లను ఒప్పుకోవు, కొనేముందు అనుకూలత జాబితా చూడండి.

ఫైబర్ పెట్టినా లింకు రాకపోతే ముందు ఎల్‌సీ (ఫైబర్ కొసన ఉండే చిన్న కనెక్టర్) క్లిప్పు విప్పి రెండు పోగులనూ తారుమారు చేసి చూడండి. ఈ వైపు పంపేది ఆ వైపు అందుకునే దాంట్లో పడాలి. అప్పటికీ రాకపోతే కొసలు శుభ్రం చేసి, మాడ్యూల్ వివరాల్లో అందుతున్న కాంతి ఎన్ని డీబీఎమ్ (కాంతి బలం కొలత) ఉందో చూడండి. కొసలోకి కంటితో తొంగిచూడకండి, ఆ లేజర్ కంటికి కనిపించదు.

కాంబో పోర్టు ఉంటే ఒకే నంబరు కింద కాపర్, ఫైబర్ రెండు గూళ్లు కనిపిస్తాయి, పనిచేసేది ఒకటే. యూఎస్‌బీ పోర్టు బ్యాకప్‌కో, మోడెమ్ డాంగిల్‌కో పనికొస్తుంది, అవసరం లేకపోతే ఆపేయండి.

రెండు ఫైర్‌వాల్‌ల జంట పెడుతుంటే హెచ్ఏ పోర్టులను (ఒకటి ఆగితే రెండోది అందుకునేలా ఒకదాన్నొకటి గమనించే పోర్టులు) ఒకదానికొకటి నేరుగా కలపండి, అదీ రెండు కేబుళ్లతో. ఒక్కటే ఉండి అది ఊడితే రెండూ ‘నేనే యాక్టివ్’ అంటాయి. ఒకే ఐపీ రెండు చోట్ల పలకడంతో కనెక్షన్లు తెగుతూ అతుకుతూ ఉంటాయి.

చివరగా ఇంటర్నెట్ వైపు. పాత ఫైర్‌వాల్ తీసి అదే ఐపీతో కొత్తది పెట్టాక లింకు ఉన్నా గేట్‌వే పలకకపోతే, అవతలి రౌటర్ పాత పెట్టె మ్యాక్ అడ్రస్‌నే (పోర్టు హార్డ్‌వేర్ చిరునామా) గుర్తుపెట్టుకుని ఉండొచ్చు. దాని ఏఆర్‌పీ (ఏ ఐపీ ఏ మ్యాక్‌దో రాసుకునే పట్టిక) క్లియర్ చేయించండి, లేదా మోడెమ్‌ని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే) లైను అయితే ఎమ్‌టీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492, టీసీపీ ఎమ్ఎస్ఎస్ (అందులో డేటా గరిష్ఠ సైజు) 1452 పెట్టండి. లేకపోతే కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని సగంలో ఆగిపోతాయి. అన్నీ కలిపాక ఇంటర్‌ఫేస్ కౌంటర్లు సున్నా చేసి, పది నిమిషాలు ట్రాఫిక్ పోనిచ్చి మళ్లీ చూడండి. ఏ పోర్టులో ఎర్రర్లు పెరుగుతుంటే ఆ కేబుల్‌ని పాలసీలు రాయకముందే మార్చండి.