పుస్తకం అల్మరాలో ఉంది, కోహాలో దొరకట్లేదు: సమస్య - పరిష్కారం

న్యూజిలాండ్‌లోని హోరోవెనువా గ్రంథాలయాల కోసం తయారై, 2000 జనవరిలో వాడకంలోకి వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ కోహా. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థం. మన కాలేజీ లైబ్రరీల్లోనూ నడుస్తోంది. పాఠకులు ఇందులో పుస్తకాలకు ట్యాగులు (గుర్తుగా తమ సొంత మాటలు) పెట్టొచ్చు, అభిప్రాయాలు రాయొచ్చు, పుస్తకాలు కొనమని అడగొచ్చు. ఆ సౌకర్యాలు ఆన్ చేశాక వచ్చే చిక్కులు ఇవి.

సమస్య: తెలుగులో వెతికితే ఏమీ రాదు

ముందు దీన్ని సరిచేయండి. వెతికిన పుస్తకమే దొరకనప్పుడు ట్యాగులు ఎవరు పెడతారు?

కారణం చాలాసార్లు రికార్డులోనే, అంటే పుస్తకం వివరాలు ఎక్కించిన చోటే ఉంటుంది. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో మాత్రమే ఎక్కించి ఉంటారు. పాఠకుడేమో ఫోన్‌లో ‘కథలు’ అని తెలుగులో కొడతాడు. ఇంగ్లిష్‌లో కొట్టినా ‘థ’కి ఒకరు టీ హెచ్ రాస్తారు, ఇంకొకరు డీ హెచ్ రాస్తారు. ఇద్దరిదీ తప్పు కాదు. మార్క్ (పుస్తకం వివరాలను నంబర్లున్న ఫీల్డుల్లో రాసే పద్ధతి) రికార్డులో 880 ఫీల్డులో తెలుగు పేరు, 246లో జనం రాసే స్పెల్లింగులన్నీ ఇవ్వండి.

తెలుగు ఉన్నా రావట్లేదా? కోహాలో వెతికిపెట్టే జీబ్రా అనే ఇంజిన్ ఇండెక్స్ ఏ పద్ధతిలో ఉందో చూడండి. సీహెచ్ఆర్ అనే పద్ధతి ఇంగ్లిష్ లాంటి లాటిన్ లిపికి పనికొస్తుంది, తెలుగుకు ఐసీయూ అనే పద్ధతి కావాలి. మార్చాక సిస్టమ్ ప్రిఫరెన్సుల్లో కూడా ఐసీయూ అని పెట్టి, ఇండెక్స్ మొత్తం మళ్లీ కట్టించాలి. ఈ చివరి పని మర్చిపోతే మార్పేమీ కనిపించదు, అనవసరంగా టెన్షన్.

పేరు పిచ్చి గీతల్లా కనిపిస్తే అది పాత అను ఫాంట్లలో టైపు చేసినది. ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాల్సిందే.

సమస్య: అభిప్రాయం పక్కన పాఠకురాలి పూర్తి పేరు

చిన్న ఊళ్లో ఎవరు ఏం చదువుతున్నారో అందరికీ తెలియడం మంచిది కాదు. పేరు చూపించాలా, వద్దా అన్నది సెట్టింగుల్లో ఉంది. ఈరోజే మార్చండి.

సమస్య: పుస్తకం కొనమని అడిగినవాళ్లు మళ్లీ అడగట్లేదు

జవాబు అందలేదన్నమాట. ఆ సూచన స్థితి మారిస్తే మెయిల్ వెళ్తుంది, కానీ సభ్యుడి వివరాల్లో ఈమెయిల్ ఖాళీగా ఉంటే ఎక్కడికి వెళ్తుంది? కార్డు ఇచ్చేటప్పుడే అడిగి రాసుకోండి. కొనలేకపోతే కారణం చెప్పండి.

సమస్య: ట్యాగులు పెడుతున్నారు, పైకి కనిపించవు

మోడరేషన్ ఆన్ చేసి ఉంటుంది, ఆమోదించేవాళ్లు ఉండరు. రోజూ చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి. ఆమోదించి వదిలేయకండి. మనం ‘పోటీ పరీక్షలు’ అని రాసుకున్న పుస్తకానికి పిల్లలు ‘గ్రూప్ 2’, ‘డీఎస్సీ’ అని పెడతారు. వాళ్లు వెతికేది ఆ మాటలతోనే. వాటిని 653 ఫీల్డులో చేర్చండి. తర్వాత అదే మాటతో ఒకసారి వెతికి, పుస్తకం వచ్చిందో లేదో చూశాకే సీట్లోంచి లేవండి.