ఫైళ్లు తీసేసినా ఫ్లాష్ పూల్‌లో జాగా పెరగట్లేదా?

సమస్య: సర్వర్‌లో 4 టీబీ పాత డేటా తీసేశారు. డీఎఫ్ (ఖాళీ జాగా చూపే కమాండ్) కొట్టి చూస్తే జాగా ఖాళీగానే కనిపిస్తోంది. స్టోరేజ్ కన్సోల్‌లో మాత్రం పూల్ (డ్రైవ్‌ల జాగా అంతా కలిపిన ఉమ్మడి నిల్వ) వాడకం 91 శాతం దగ్గరే ఆగిపోయింది.

కారణం: ఫైల్ డిలీట్ చేస్తే ఫైల్ సిస్టమ్ తన లెక్కలో కొట్టేసుకుంటుంది, అంతే. ఆ బ్లాకులు ఇక అక్కర్లేదన్న కబురు స్టోరేజ్‌కి విడిగా అందాలి. ఆ కబురే అన్‌మ్యాప్. అది అందనంతకాలం థిన్ వాల్యూమ్ (రాసినంత మేరకే పూల్ నుంచి జాగా తీసుకునే వాల్యూమ్) ఆ జాగాను పట్టుకునే ఉంటుంది.

పరిష్కారం: లినక్స్‌లో ఈ కబురు పంపే ఎఫ్ఎస్‌ట్రిమ్ కమాండ్ నడపండి, దాని టైమర్‌ని వారానికోసారి నడిచేలా ఆన్ చేయండి. విండోస్‌లో అదే పని రీట్రిమ్ చేస్తుంది. వీఎంవేర్‌లో దాని ఫైల్ సిస్టమ్ వీఎంఎఫ్ఎస్ 6 అయితే తనంతట తానే నెమ్మదిగా వదులుతుంది. వీఎంఎఫ్ఎస్ 5 అయితే కమాండ్ మీరే ఇవ్వాలి. రద్దీ వేళల్లో మాత్రం వద్దు, అన్‌మ్యాప్ కూడా స్టోరేజ్‌కి బరువే.

అయినా తగ్గలేదా? స్నాప్‌షాట్లు (ఒక సమయానికి డేటా ఎలా ఉందో పట్టి ఉంచే కాపీలు) చూడండి. నిజానికి నేను మొదట చూసేది వీటినే. డిలీట్‌కి ముందు తీసిన స్నాప్‌షాట్ ఒక్కటున్నా ఆ పాత బ్లాకులు కదలవు. అలాగని కనిపించినవన్నీ తీసేయకండి. రెప్లికేషన్‌కో (వేరే స్టోరేజ్‌కి కాపీ పంపడం) బ్యాకప్‌కో అది ఆధారమేమో ముందు కనుక్కోండి. తీసేశాక కూడా అంకె వెంటనే మారదు. వెనకాల శుభ్రం చేసే పని పూర్తవడానికి కొన్ని గంటలు పట్టవచ్చు, కంగారుపడకండి.

సమస్య: పూల్ నిండేకొద్దీ లేటెన్సీ (అడిగిన డేటాకి జవాబు రావడానికి పట్టే సమయం) పెరుగుతోంది.

కారణం: ఫ్లాష్‌లో రాసిన చోటే మళ్లీ రాయడం కుదరదు. ముందు బ్లాక్ మొత్తం చెరపాలి. ఖాళీ తగ్గేకొద్దీ పనికొచ్చే డేటాను పక్కకు జరిపి చోటు చేసుకునే పని ఎక్కువవుతుంది.

పరిష్కారం: కొత్త వాల్యూమ్‌లు ఆపండి, కొన్నిటిని వేరే పూల్‌కి తరలించండి. చిన్న చిన్న పూల్స్ చాలా చేసుకుని ఉంటే ఒక్కో దాంట్లో కొంచెం ఖాళీ ఇరుక్కుపోతుంది. గట్టి కారణం లేకపోతే ఒకే పెద్ద పూల్ మేలు.

సమస్య: డీడూప్ (ఒకే డేటా పదేపదే ఉంటే ఒక్కసారే దాచడం) రేషియో అనుకున్నంత రావట్లేదు.

కారణం సాధారణంగా ఒకటే: సర్వర్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేసిన డేటా, లేదా ముందే కంప్రెస్ చేసిన బ్యాకప్‌లు. అలాంటి వాటికి ఒకటికి ఒకటి లెక్కనే జాగా కేటాయించండి.

థిన్ పూల్ 100 శాతానికి చేరితే కొత్త డేటా రాయడం ఆగిపోతుంది, దాని మీదున్న డేటాబేస్‌లన్నీ ఒకేసారి పడతాయి. అందుకే వాల్యూమ్‌కి కాదు, పూల్‌లో నిజంగా వాడిన జాగాకి 70, 80 శాతం దగ్గర అలర్ట్‌లు పెట్టండి. డ్రైవ్‌లు ఆర్డర్ ఇచ్చి అవి చేతికొచ్చేదాకా పట్టే రోజులు కూడా ఆ 70లో లెక్కేసుకోండి.