ఎనిమిది తలల లెక్క

తిరుపతి–చిత్తూరు బస్సులో కండక్టరుగా ఉన్నన్నాళ్లూ తలలు లెక్కపెట్టడమే నా పని. రిటైరయ్యాక ఆ అలవాటు చేపల తొట్టి మీదికి మళ్లింది. పొద్దున చిటికెడు మేత చల్లి, పైకి ఎగబడే జీబ్రా డానియోలను, అంటే నీలి చారల చిన్న చేపలను, లెక్కపెడతాను. మిగతా వేళల్లో అవి ఒక్కచోట నిలవవు కనుక లెక్క కుదరదు. ఎనిమిదికి ఒకటి తగ్గితే వెతకాల్సిందే. మొక్కల చాటున చచ్చి కుళ్లితే నీళ్లలో అమ్మోనియా పెరిగి మిగతావాటికీ ముప్పు.

మొదట మనవడు ముచ్చటపడ్డాడని నియాన్ టెట్రాలు తెచ్చాను, అదీ మే నెలలో. వారంలో ఒక్కటీ మిగల్లేదు. వాటి సొంత ఊరు అమెజాన్ ప్రాంతం. లవణాలు తక్కువున్న మెత్తటి నీళ్లు, 21 నుంచి 26 డిగ్రీల వేడి వాటికి హాయి. మా బోరు నీళ్లు బక్కెట్టుకే తెల్లగా పొర కట్టిస్తాయి. ఎండను, నీళ్లను బాగా తిట్టుకున్నాను గానీ పెద్ద తప్పు నాదే: తొట్టి కొన్న రోజే చేపలూ కొన్నాను.

కొత్త తొట్టిలో మేలు చేసే బ్యాక్టీరియా ఉండదు. చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చేది అదే. అది స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందాకా ఫిల్టర్ నడుపుతూ, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేయండి; అది కుళ్లి వచ్చే అమ్మోనియాయే బ్యాక్టీరియాకు తిండి. పరీక్ష కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ పెరిగి, మళ్లీ సున్నాకు దిగాకే చేపల మాట. ఆ బ్యాక్టీరియా కాపురముండే ఫిల్టర్ స్పాంజ్‌ను కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు అది చస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

మన ఎండకు, ఉప్పు తేలే బోరు నీళ్లకు జీబ్రా డానియోలు నయం. మన దేశపు వాగుల్లో, పొలాల పక్క నీళ్లలో పుట్టిన జాతి. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి ఎనిమిదింటికి చాలు. అవి పరుగు చేపలు, ఎత్తుకన్నా పొడవు ముఖ్యం. ఆరుకు తగ్గితే మాత్రం కొనకండి. నేను పిసినారితనానికి పోయి రెండే తెచ్చినప్పుడు, పెద్దది చిన్నదాన్ని మూల నుంచి కదలనివ్వలేదు, తోక చివర పీలికలయింది. మరో ఆరు చేరాక తరుముడు అందరికీ పంచుకుపోయింది. ఇప్పుడు గాజు మీద వేలు కదిలిందంటే నీలి చారలన్నీ ఒక్కసారిగా పక్కకు తిరుగుతాయి.

వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ విరిచే మందు కలపాలి. వేసవిలో ఐసు గడ్డలు వేయకండి, వేడి ఒక్కసారిగా పడిపోతే చేపలు తట్టుకోలేవు. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకు ఆర్‌ఓ నీళ్లు పోయండి. బోరు నీళ్లే పోస్తూ పోతే ఉప్పు పేరుకుంటుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కనుక, కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి.

మూత తప్పనిసరి. గొట్టం దూరే సందులో కూడా స్పాంజ్ ముక్క కుక్కండి. ఒకరోజు లెక్క ఏడుకే ఆగితే మొక్కలన్నీ కదిలించి చూశాను. చివరికి బీరువా కింద మా ఆవిడ చీపురుకు తగిలింది.